లెన్ ఎంత? లిస్టు ప్రశ్నలకు నేను ప్రిపేరైన తీరు

ఫ్రెండ్స్, ప్రోగ్రామింగ్ పేపర్లో "ఈ కోడ్ అవుట్‌పుట్ ఎంత?" అని అడిగే బిట్లలో లిస్టు లెక్క తరచూ తగులుతుంది. లెన్ అంటే లిస్టులో మొత్తం ఎన్ని ఎలిమెంట్లున్నాయో ఆ లెక్క. చూడ్డానికి చాలా తేలిక. కానీ ఆప్షన్లు తయారుచేసేవాళ్లకి మనం ఎక్కడ తొందరపడతామో బాగా తెలుసు.

పైథాన్‌కి నేను పెట్టుకున్న పద్ధతి ఒకటే. బయటి బ్రాకెట్‌కి నేరుగా చెందిన కామాల మీదే పెన్సిల్‌తో గీత గీస్తాను. [7, [7, 8], [], 7] తీసుకోండి. మూడు గీతలు పడ్డాయి, ఒకటి కలిపితే లెన్ 4. లోపలి లిస్టులో ఎన్నున్నా బయటికి అది ఒక్కటే, ఖాళీ లిస్టు కూడా ఒకటే. (చివర్లో ఊరికే వదిలేసిన కామా ఉంటే దానికి గీత వద్దు.) ఇదే లిస్టుకి కౌంట్(7), అంటే 7 ఎన్నిసార్లు ఉందని అడిగితే 2. లోపలున్న 7 జోలికి కౌంట్ వెళ్లదు. అపెండ్‌తో [9, 9] చేరిస్తే అది మొత్తం ఒక్క ఎలిమెంట్‌గా చేరి లెన్ 5, అపెండ్ బదులు ఎక్స్‌టెండ్ వాడితే రెండు 9లూ విడివిడిగా చేరి 6. ఈ నాలుగు జవాబులూ ఆప్షన్లలో పక్కపక్కనే కనిపిస్తాయి! ఇలాంటివి సొంతంగా రాసుకుని, ముందు కాగితం మీద జవాబు వేసి, ఆ తర్వాతే రన్ చేయండి.

[1, ట్రూ, 1.0]లో కౌంట్(1) ఎంత? 3. కౌంట్ చూసేది సమానమా కాదా అని, టైపు కాదు.

సి భాషలో కథ వేరు. పది ఇంటీజర్ల అర్రే మొత్తం సైజాఫ్‌ని (ఎన్ని బైట్లో చెప్పేది) ఒక్క ఎలిమెంట్ సైజాఫ్‌తో భాగిస్తే 10 వస్తుంది. అదే అర్రేని ఫంక్షన్‌కి పంపి లోపల భాగిస్తే, ఇంట్ 4 బైట్లు, పాయింటర్ 8 బైట్లు ఉన్న మెషీన్‌లో 2 వస్తుంది. ఫంక్షన్‌కి చేరింది పాయింటర్, అంటే అర్రే మొదలయ్యే చోటు అడ్రస్ మాత్రమే కదా. అందుకే సైజుని విడిగా పంపిస్తారు. జావాలో అర్రేకి బ్రాకెట్లు లేని లెంగ్త్, స్ట్రింగ్‌కి బ్రాకెట్లతో లెంగ్త్, అర్రేలిస్టుకి సైజ్. ఇందులో లాజిక్ వెతక్కండి, బట్టీ పట్టేయండి.

కోడింగ్ రౌండ్‌లో టెన్షన్ పెట్టేది టైమ్ లిమిట్. లెన్‌తో భయం లేదు, లిస్టు తన సైజుని తనలోనే దాచుకుంటుంది. కౌంట్ అలా కాదు, పిలిచిన ప్రతిసారీ మొదటి నుంచి చివరిదాకా చూసుకుంటూ పోతుంది. లక్ష ఎలిమెంట్లున్న లిస్టులో ఒక్కోదానికీ లూప్‌లో కౌంట్ పిలిస్తే 1000 కోట్ల పోలికలు. డిక్షనరీలో (ఒక్కో విలువ పక్కన దాని లెక్క దాచుకునే పట్టికలో) ఒక్కోదాని లెక్క పెంచుకుంటూ పోతే లిస్టుని ఒక్కసారి చదివితే చాలు. పైథాన్‌లో ఆ పనికి కలెక్షన్స్ మాడ్యూల్లో కౌంటర్ రెడీగా ఉంది.