స్మియర్ గులాబీగా వస్తే ఈఏ-50ని తిట్టకండి

పాప్ స్మియర్ల (గర్భాశయ ముఖద్వారం నుంచి తీసి గాజు స్లైడు మీద పూసిన కణాలు) ర్యాకు ఒకటి ఇప్పుడే చూడటం ముగించాను. కోపం ఇంకా చల్లారలేదు.

రంగు వేయడం దగ్గర ఇబ్బందేమీ రాలేదు. 95% ఆల్కహాల్, నీళ్లు, కేంద్రకానికి రంగు పట్టించే హారిస్ హెమటాక్సిలిన్, దాన్ని నీలంగా మార్చే స్కాట్ ద్రావణం, నారింజ రంగు ఓజీ-6, కేంద్రకం చుట్టూ ఉన్న భాగానికి గులాబీ, నీలి ఆకుపచ్చ రంగులు పట్టించే ఈఏ-50, అబ్సల్యూట్ ఆల్కహాల్, జైలీన్, చివర పైగాజును అతికించే డీపీఎక్స్. హెమటాక్సిలిన్ మాత్రం రోజూ వడకట్టండి. లేకపోతే నిన్నటి స్లైడులో ఊడిన కణం ఇవాళ ఇంకొకరి స్లైడు మీద కూర్చుంటుంది.

మైక్రోస్కోపు కింద పెట్టాకే తలనొప్పి మొదలైంది. ఉపరితల కణాలు గులాబీగా ఉండటం మామూలే. కానీ నీలి ఆకుపచ్చగా ఉండాల్సిన ఇంటర్మీడియట్ (మధ్య పొర) కణాలు కూడా గులాబీకి, నారింజకి తిరిగాయి. కేంద్రకాలు ఉబ్బిపోయాయి, వాటిలోని క్రోమాటిన్ (డీఎన్ఏ ఉండే పదార్థం) అలుక్కుపోయింది. ఈఏ-50 పాడైందనుకుని కొత్త సీసా తెరిచాను. అదే గులాబీ. హెమటాక్సిలిన్ మార్చాను. అదే మసక. పూట గడిచిపోయింది.

జవాబు స్లైడు మీదే ఉంది. శరీరంలోంచి వచ్చిన జిగురు మందంగా ఉన్న నడిమి భాగంలో కణాలు చక్కగా రంగు పట్టాయి, పలచటి అంచులు మాత్రమే గులాబీ. అదే ర్యాకులోని కంట్రోల్ స్లైడు (రంగు సరిగా పడుతోందా అని పోల్చి చూసేది) నిక్షేపంలా ఉంది. రంగు చెడితే ర్యాకంతా చెడుతుంది. ఒకే స్లైడులో అంచు పాడై నడుమ బాగుందంటే, అది కణాలను ఉన్నవి ఉన్నట్టు నిలిపే ఆల్కహాల్‌లో పడకముందే ఆరిపోయిన స్మియర్.

ఆరుతున్న కణం గాజుకు అతుక్కుని చదునుగా పరుచుకుంటుంది, దానితోపాటు కేంద్రకమూ సాగుతుంది. మనకు కొలబద్ద మామూలు ఇంటర్మీడియట్ కణం కేంద్రకమే. దానికి మూడింతలకు పైగా వైశాల్యం ఉంటేనే ఎల్‌సిల్ (కణాల్లో తక్కువ స్థాయి అసహజ మార్పు) అని ఆలోచిస్తాం. ఆ కొలబద్దే ఉబ్బితే దేన్ని దేనితో పోల్చాలి? లేని మార్పు ఉన్నట్టు కనిపించవచ్చు, ఉన్న మార్పు మసకలో కలిసిపోవచ్చు. కేంద్రకం పెద్దదై క్రోమాటిన్ వెలిసిపోయి ఉంటే తొందరపడి పేరు పెట్టకండి.

స్మియర్ తీసేవాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా తీసిన తర్వాతే పేరు రాస్తారు, తర్వాతే ఆల్కహాల్ మూత తిప్పుతారు. ఆ కొన్ని సెకన్లే స్లైడును చంపేస్తాయి. గరుకు అంచు మీద పెన్సిల్‌తో పేరు ముందే రాయాలి. జార్ మూత ముందే తీసి ఉంచాలి. కణాలు గీసి తీసే స్పాచులా స్లైడును వదిలిన మరుక్షణం 95% ఆల్కహాల్‌లో దించాలి, కనీసం 15 నిమిషాలు ఉంచాలి. ఆల్కహాల్ జార్‌కు బదులు కణాలను నిలిపే స్ప్రే వాడితే మరీ దగ్గర నుంచి కొట్టొద్దు, ఆ విసురుకు కణాలు చెదిరిపోతాయి.

రంగు వేయకముందే ఎండిన స్లైడని తెలిస్తే ఒక దారుంది. నార్మల్ సెలైన్‌లో 30 సెకన్లు ముంచి, వెంటనే 95% ఆల్కహాల్‌కు మార్చాలి. కణాలు కొంతవరకు తేరుకుంటాయి. ర్యాకు ఎక్కకుండా మిగిలిన పొడి స్లైడ్లను ఇలాగే చేశాను. చాలావాటిలో కేంద్రకం గీత మళ్లీ తేరింది. పూర్తిగా కొత్తదానిలా మాత్రం కాదు.

ర్యాకులో నాలుగింట మూడొంతులకు పైగా కణాలు అలుక్కుపోయిన స్లైడ్లకు ‘అన్‌శాటిస్‌ఫ్యాక్టరీ’ (ఫలితం చెప్పడానికి పనికిరాదు) అని రాశాను, కారణం దగ్గర ‘గాలికి ఆరింది’ అని స్పష్టంగా పెట్టాను. ఆ స్త్రీలు 2 నుంచి 4 నెలల్లో మళ్లీ వచ్చి అదే పరీక్ష చేయించుకోవాలి.