నాన్న డ్రెయిన్ లెక్కలు

నాన్నకి కామెర్లు అనగానే మా ఇంట్లో అందరి నోటా వచ్చిన మాట పసరు. బాబాయ్ అయితే ఘట్‌కేసర్ దగ్గర ఎవరో ఇస్తారని పొద్దున్నే పరగడుపున బైక్ మీద ఎక్కించుకుపోయాడు, అలా మూడు వారాలు పోయాయి. చప్పిడి కూడు తిని తిని మనిషి సగమయ్యాడు గానీ కళ్ళ పసుపు పోలేదు, రాత్రంతా గోక్కుంటుంటే అమ్మ కొబ్బరినూనె రాస్తూ కూర్చునేది. నొప్పి లేదుగా తగ్గిపోద్దిలే అనుకున్నాం. ఆ వయసులో నొప్పి లేని కామెర్లు, దురద, సున్నం రంగు విరేచనం కలిసొస్తే ముందు స్కాన్ తియ్యాలట, మాకేం తెలుసు.

చివరికి స్కాన్ తీస్తే తేలింది క్యాన్సర్ గడ్డ అని. అదెక్కడంటే ఆంపుల్లా దగ్గర, అంటే పైత్యరసం గొట్టం, పాంక్రియాస్ (క్లోమం) గొట్టం రెండూ వచ్చి చిన్నపేగులోకి తెరుచుకునే చోట. అసలు చిన్నపేగు దాదాపు 6 మీటర్లు ఉంటుంది గానీ అందులో క్యాన్సర్లు చాలా తక్కువ, జీర్ణవ్యవస్థ మొత్తమ్మీద వచ్చేవాటిలో 5 శాతం కూడా ఉండవు. మా నాన్న జన్మలో లాటరీ టికెట్ కొన్లేదు పాపం. ఒక్కటి నయం, ఈ చోట గడ్డ చిన్నగా ఉన్నప్పుడే దారి మూసేసి కామెర్లు తెప్పిస్తుంది కాబట్టి కాస్త ముందే దొరుకుతుంది.

విప్పుల్ ఆపరేషన్ అన్నారు. బఠాణీ గింజంత గడ్డకి పాంక్రియాస్ తల, డుయోడినమ్ అనే చిన్నపేగు మొదటి భాగం, గాల్‌బ్లాడర్ అన్నీ తీసేసి మిగిలిన పాంక్రియాస్‌ని పేగుకి కుట్టారు. నాన్న పాంక్రియాస్ మెత్తగా ఉందట, అలాంటిదానికి కుట్టు సరిగ్గా నిలవదు. మూడోరోజు డ్రెయిన్ నీళ్ళు, అంటే పొట్టలోంచి బయటికి పెట్టిన ట్యూబ్‌లో వచ్చేవి, ల్యాబ్‌కి పంపితే ఎమైలేజ్ అనే పాంక్రియాస్ ఎంజైమ్ వేలల్లో వచ్చింది, రక్తంలో మామూలుగా ఉండే గరిష్ఠానికి మూడు రెట్లు దాటితేనే లీక్ అని అనుమానిస్తారు, ఇంక మాకు కాళ్ళు చల్లబడ్డాయి. అదృష్టం కొద్దీ జ్వరం రాలేదు, డ్రెయిన్ బ్యాగుతోనే ఇంటికి పంపించారు, రోజూ ఎంతొస్తుందో కొలిచి రాయమన్నారు.

నాన్న ఆర్టీసీలో కండక్టర్ చేసి రిటైరయ్యాడు. కిరాణా ఖాతా పుస్తకంలో గీతలు కొట్టుకుని తేదీ, టైము, రంగు, ఎమ్మెల్ ఆయనే రాసేవాడు. కొలగ్లాసు కిటికీ దగ్గర పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, "ఇయ్యాల కలెక్షన్ 120 రా" అనేవాడు. అమ్మకి ఏడుపూ నవ్వూ ఒకేసారి. తిండి మధ్యలో అరుగుదలకిచ్చిన ఎంజైమ్ క్యాప్సూల్ మర్చిపోయిన రోజు జిడ్డు విరేచనమయ్యేది, అదీ రాసేవాడు, నేను వద్దన్నా వినడు.

120 కాస్తా 60 అయ్యింది, తర్వాత 15. ట్యూబ్ పీకిన రోజు ఇంటికొచ్చి చొక్కా కూడా విప్పకుండా పుస్తకం తీసి "నిల్" అని రాసి, కింద రెండు గీతలు కొట్టి, సంతకం పెట్టాడు.