అయిదింటికి దిగినవాడికి పన్నెండింటికి గది

హైదరాబాద్ నుంచి కడపకు రాత్రి బస్సులో వచ్చేవాళ్లు తెల్లవారుజామున అయిదుకు అటూఇటూగా దిగుతారు. మైదుకూరులో మెలకువ వస్తుంది, సంచులు సర్దుకుని కాసేపు కునికేలోగా కడప వచ్చేస్తుంది. ఆ వేళప్పుడు మనిషికి కావలసింది ఒక మంచం, ఒక బాల్చీడు వేడినీళ్లు. బస్టాండు చుట్టూ లాడ్జీలు పెట్టినవాళ్లకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. అందుకే వాళ్లది ఇరవై నాలుగు గంటల లెక్క. ఏ వేళకు తాళంచెవి తీసుకుంటే మర్నాడు ఆ వేళకు తిరిగి ఇస్తే చాలు. తొంభైల్లో మందుల కంపెనీ బ్యాగు మోస్తూ కర్నూలు, అనంతపురం, కడప తిరిగినన్నాళ్లూ నేను ఈ లెక్క మీదే బతికాను.

ఈసారి వచ్చింది గండికోట చూడడానికి, మా ఆవిడతో. గది మా అమ్మాయి బెంగళూరు నుంచి ఫోనులో బుక్ చేసింది. ఏ ఊళ్లో చూసినా ఒకే రంగు బోర్డుతో కనిపించే చైన్ హోటల్ అది. పేరు చెప్పను. రాత్రికి పద్దెనిమిది వందల యాభై, పైన పన్ను. కడపలో ఆ డబ్బుకు ఒకప్పుడు వారం ఉండేవాడిని అంటే, అప్పుడు నీ జీతమెంత అని మా ఆవిడ అడిగింది. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

బస్టాండు నుంచి నడిచే వెళ్లాం. వీధి మలుపు తిరగగానే బోర్డు ధగధగ వెలుగుతోంది. దాని కింద మెట్లు చూసి నాకు అనుమానం వచ్చింది. తలెత్తి చూస్తే పిట్టగోడ మీద సిమెంటుతో పోసిన పాత అక్షరాలు కొత్త రంగు కింద ఉబ్బెత్తుగా కనిపిస్తున్నాయి. ఒక దేవుడి పేరు, పక్కన ‘లాడ్జి’. నేను ఎన్నో రాత్రులు పడుకున్న లాడ్జే! మెట్లు అవే, కటకటాల కిటికీ అదే. కౌంటరు మాత్రం అద్దాలదైంది. దాని వెనక టై కట్టుకున్న కుర్రవాడు.

“చెక్ ఇన్ పన్నెండు గంటలకు సార్” అన్నాడు కుర్రవాడు, ఆధార్ కార్డులు తిరగేస్తూ.

“గదులు ఖాళీ లేవా?”

“ఉన్నాయి సార్. ఇప్పుడే కావాలంటే అరరోజు అద్దె అదనం. రేపు పదకొండుకు ఖాళీ చెయ్యాలి.”

పన్నెండుకు ఇచ్చి పదకొండుకు తీసుకుంటే ఇరవై మూడు గంటలే కదా, రోజు అద్దె ఎందుకు అని అడిగాను. ఆ గంట దుప్పట్లు మార్చడానికి సార్ అన్నాడు. ఖాళీగా ఉన్న గదికి ఏ దుప్పట్లు మారుస్తావు బాబూ అన్నాను. కంపెనీ రూలు అన్నాడు. అతని తప్పేమీ లేదు, నాకు తెలుసు. అయినా గొంతు పెరిగింది. విమానంలో పదిన్నరకు దిగి, కారులో పన్నెండుకు హోటల్ చేరే మనిషికి కుట్టించిన చొక్కాను రాత్రి బస్సు దిగినవాడికి తొడుగుతున్నారు, అదీ నా కడుపుమంట.

అమ్మాయికి ఫోను చేశాను. అయిదున్నరకు నిద్ర లేపినందుకు విసుక్కుంది. “నాన్నా, ప్రపంచంలో ఎక్కడైనా అంతే” అంది. తను ఒక విదేశీ హోటల్ చైన్‌కు లెక్కలు చూసే ఆఫీసులో పనిచేస్తుంది కాబట్టి ఈ విషయంలో నా మాట సాగదు. కానీ తనే ఒకసారి చెప్పిన కథ నాకు అప్పుడు గుర్తొచ్చింది. హిల్టన్ హోటళ్లు మొదలుపెట్టిన కాన్రాడ్ హిల్టన్ 1919లో అమెరికాలో, టెక్సాస్‌లోని సిస్కో అనే చిన్న ఊరికి వెళ్లింది బ్యాంకు కొనడానికి. ఆ బేరం కుదరలేదు. రాత్రి తల దాచుకుందామని మోబ్లీ అనే హోటల్‌కు వెళితే అక్కడ చమురు బావుల పనివాళ్లు గదుల కోసం తోసుకుంటున్నారు. ఎనిమిది గంటలకో బేరం చొప్పున ఒకే మంచాన్ని రోజుకు మూడుసార్లు అద్దెకిస్తున్నారు. బ్యాంకు సంగతి వదిలేసి ఆ హోటలే కొన్నాడు హిల్టన్. అంత పెద్ద చైన్ పుట్టింది పనివాళ్ల షిఫ్టులను బట్టి నడిచే గడియారం మీద. కడపలో మాత్రం పన్నెండు కొట్టాలి.

నా కేకలకు లోపలి గదిలోంచి ఒక పెద్దాయన వచ్చాడు. మెడకు మఫ్లరు, చేతిలో స్టీలు గ్లాసు. లాడ్జి ఆయనదే. నన్ను గుర్తుపట్టలేదు. మందుల కంపెనీ అనగానే మాత్రం, “సాయంత్రం నాలుగైతే మీ బ్యాచీ అంతా మేడ మీద కూర్చుని రిపోర్టులు రాసేవాళ్లు” అన్నాడు. కుర్రవాణ్ని చూపించి, “వాడి మీద అరిచి ఏం లాభం నాయనా, టైము వాడి చేతిలో లేదు, నా చేతిలోనూ లేదు” అని గొంతు తగ్గించాడు. “వెనకవైపు నాలుగు గదులు వాళ్లకు ఇవ్వలేదు. పాత లెక్కే. ఏడు వందలు. కావాలంటే తీసుకోండి.”

తాళంచెవికి ఇంకా ఆ పాత ఇత్తడి బిళ్లే ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఆవిడ గదిలోకి వెళ్లి బాత్రూం తలుపు తీసి చూసింది, మంచం మీద దుప్పటి ఒక మూల ఎత్తి చూసింది, మాటా పలుకూ లేకుండా కిందికి వెళ్లి సోఫాలో కూర్చుంది. పన్నెండు దాకా కూర్చుంటాను కానీ అక్కడ పడుకోను అంది. ఎంత చెప్పినా కదల్లేదు. నేను వెళ్లి పడుకున్నాను. పాత గీజరు గుర్రుమంటూ నీళ్లు బాగానే కాచింది.

తొమ్మిదింటికి ఇద్దరం టిఫిను కోసం బయటికి వచ్చాం. ఏడు రోడ్ల కూడలి వైపు వెళ్లే దారిలో ఒక చిన్న దోశల హోటలు, ముందు జనం. పెనం నిండా నెయ్యి, ఎర్రకారం, పైన పప్పుల పొడి. నెయ్యి కారం దోశ అరవై రూపాయలు. అది ఎక్కువే, కానీ ఆ దోశకు నేను నోరెత్తను. గల్లాపెట్టె మీద ఒక రేకు: ‘మాకు మరెక్కడా బ్రాంచీలు లేవు’. నాలుగు షాపుల అవతల అదే పేరుకు ముందు ‘న్యూ’ చేర్చి ఇంకొకటి తెరిచారు. అక్కడ బల్లలు ఖాళీ. బ్రాంచీలు లేవని గొప్పగా చెప్పుకునే వ్యాపారం ఒకటీ, ఊరికో బ్రాంచీ ఉందని గొప్పగా చెప్పుకునేది ఒకటీ, రెండూ రెండు వీధుల దూరంలో. దోశలాయన తన పెనం వదిలి ఎక్కడికీ వెళ్లలేడు. మా చైన్ హోటల్ వాళ్లకు అసలు పెనమే లేదు.

ఈ రెండోది నాకు అర్థమైంది పెద్దాయన దగ్గర. తిరిగొచ్చేసరికి ఇంకా పదిన్నరే. మా ఆవిడ సోఫాలో, నేను ఆయన పక్కన ప్లాస్టిక్ కుర్చీలో. ఇంత పెట్టుబడి పెట్టి వాళ్లు మీ భవనం ఎందుకు తీసుకున్నారు అని అడిగితే ఆయన నవ్వాడు. వాళ్లు పెట్టింది బోర్డు ఒక్కటే, దాని ఖర్చు కూడా తరవాత లెక్కలో కోసుకున్నారు. రంగులు, పరుపులు, టీవీలు, తెల్ల దుప్పట్లు అన్నీ ఈయనవే. జీతాలు ఈయనవే, కరెంటు బిల్లు ఈయనదే. మొదటి సంవత్సరం నెలకు ఇంత అని గ్యారంటీగా ఇస్తామన్నారట, ఇచ్చారు కూడా. రెండో సంవత్సరం కాగితం మారింది, వచ్చిన దాంట్లో వాటా అన్నారు. నూటికి ఇరవైకి పైనే పోతోందన్నాడు. గది ధర ఏ రోజుకెంతో వాళ్లే మారుస్తారు. “నా గది అద్దె ఎంతో నా మనవడి ఫోనులో చూసి తెలుసుకుంటున్నా” అన్నాడు.

మరి ఎందుకు ఒప్పుకున్నారు అన్నాను. పక్కన రెండు లాడ్జీలు ఒప్పుకున్నాయి, అందుకని. ఫోనులో కనిపించని లాడ్జీకి ఇప్పుడు బస్టాండు ముందున్నా గిరాకీ లేదు. శని, ఆదివారాలు బెంగళూరు నుంచి గండికోటకు వచ్చే పిల్లలు దారిలోనే గది చూసుకుని వస్తారు. కౌంటరు దగ్గర నిలబడి అద్దె బేరమాడే మనిషి ఇప్పుడు లేడు.

అమ్మాయి మధ్యాహ్నం ఫోను చేసినప్పుడు ఇదంతా చెప్పాను. ఇందులో వింతేముంది నాన్నా అంది. మారియట్ వాళ్లది 1927లో వాషింగ్టన్‌లో రూట్ బీర్ అనే తియ్యటి పానీయం అమ్ముకునే కొట్టు, మొదటి బస 1957లో గానీ కట్టలేదు. ఇప్పుడు ఆ కంపెనీ పేరు కింద తొమ్మిది వేలకు పైగా హోటళ్లు ఉంటే, సొంతంగానో లీజుకో నడిపేవి నూటికి ఒకటి అటూఇటూ. మిగతా భవనాలన్నీ ఎవరివో. కొన్నింటిని వాళ్ల మనుషులే జీతానికి నడిపిపెడతారు, కొన్నింటికి పేరు మాత్రం అద్దెకిస్తారు. భూమి కొనక్కర్లేదు, గోడ కట్టక్కర్లేదు, అప్పు భవనం యజమానిది. గిరాకీ తగ్గిన సంవత్సరం నష్టం కూడా యజమానిదే. కంపెనీకి గది ఆదాయం మీద వాటా వస్తూనే ఉంటుంది. పాత లాడ్జీకి కొత్త బోర్డు తగిలించడం అన్నిటికంటే తొందరగా అయ్యే పని, కొత్త హోటల్ కట్టాలంటే మూడేళ్లు.

ఒకే కంపెనీకి అన్ని పేర్లు ఎందుకని నాకు ఎప్పటినుంచో సందేహం. 2016లో స్టార్‌వుడ్ అనే ఇంకో హోటల్ కంపెనీని దాదాపు 1300 కోట్ల డాలర్లకు కొన్నాక మారియట్ చేతిలో ముప్ఫై బ్రాండ్లు చేరాయి, షెరటాన్, వెస్టిన్ అన్నీ అలా వచ్చినవే. దీనికి అమ్మాయి చెప్పిన కారణం నాకు నచ్చింది. పేరు అద్దెకు తీసుకునే యజమాని ముందే షరతు పెడతాడు, నా చుట్టుపక్కల ఇన్ని కిలోమీటర్లలో ఈ పేరు ఇంకెవరికీ ఇవ్వకూడదు అని. కంపెనీ సరేనంటుంది. తరవాత పక్క స్థలం వాడికి ఇంకో పేరు ఇస్తుంది. ఒప్పందం తప్పలేదు, గిరాకీ మాత్రం పంచుకోవాలి. కడపలో పక్క లాడ్జీల బోర్డులు వేరు వేరు రంగుల్లో ఉండడం చూసి, ఇక్కడ కూడా ఇదేనేమోనని పెద్దాయన్ని అడిగాను. ఆయన లేచి వీధిలోకి తొంగి చూసి వచ్చాడు, ఏమీ అనలేదు.

పన్నెండు కొట్టగానే మా ఆవిడ ముందువైపు గదిలోకి వెళ్లింది, నేను ఆవిడ వెనకే. నిజం చెప్పాలంటే గది బాగుంది. గోడకు చెమ్మ లేదు, దిండు గలీబు ఉతికి ఇస్త్రీ చేసి ఉంది, తలుపుకు లోపలి గొళ్లెం గట్టిగా పడుతోంది. తొంభైల్లో ఇదే గదిలో తలుపుకు కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకునేవాళ్లం. మా ఆవిడ చూసేది ఆ గొళ్లెమే. ఊరు కాని ఊళ్లో, ముఖం తెలియని మనుషుల మధ్య, ఆడమనిషికి ఈ తెల్ల దుప్పటి, గొళ్లెం ఖాయంగా ఉంటాయని ముందే తెలియడానికి ఆ బోర్డు పనికొస్తోంది. మగవాళ్లం గడియారం గురించి అరుస్తాం.

అమెరికాలో కెమన్స్ విల్సన్ అనే ఆయన హాలిడే ఇన్ అనే హోటల్ చైన్ మొదలుపెట్టింది కూడా ఇలాంటి చిరాకుతోనే. 1951లో అయిదుగురు పిల్లలతో వాషింగ్టన్ యాత్రకు బయలుదేరితే దారి పొడవునా బసలు మురికి, పైగా పిల్లాడికి రెండేసి డాలర్లు అదనం. మరుసటి సంవత్సరమే మెంఫిస్‌లో తన మొదటి బస తెరిచాడు. పిల్లలకు అద్దె లేదు, ఏ ఊళ్లో చూసినా గది ఒకే తీరు, ఆకుపచ్చ, పసుపు రంగుల పెద్ద బోర్డు దూరం నుంచే కనిపించాలి. పేరు కావాలన్నవాళ్లకు మొదట్లో 500 డాలర్లకు, ఆపైన రాత్రికి గదికి 5 సెంట్లకు ఇచ్చాడు. మా గదిలో మాత్రం అద్దం పక్కన అంటించిన కాగితం మీద, అదనపు మనిషికి నాలుగు వందలు అని ఉంది, పిల్లలైనా సరే.

గండికోట గురించి ఎక్కువ రాయను, లోయ ఫొటోలు అందరి ఫోనుల్లోనూ ఉన్నాయి. ప్రొద్దుటూరు మీదుగా జమ్మలమడుగు, అక్కడి నుంచి ఆటో. రానూపోనూ ఆటోకు తొమ్మిది వందలు అడిగాడు, ఏడు వందలకు దిగాడు. మాధవరాయ స్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం చూసి, పెన్న అంచున కూర్చునేసరికి ఎండ మాడ్చేసింది. టూరిజం వాళ్ల హరిత హోటల్‌లో భోజనం, వడ్డన ఆలస్యం. బయట టెంట్లవాళ్లు వరసగా. ఒబెరాయ్ హోటల్‌కు 2023 జులైలో శంకుస్థాపన చేసిన చోటు ఎటువైపని ఒక టెంటు కుర్రవాణ్ని అడిగాను. చేత్తో చూపించి, “అది వస్తే మాకు మంచిదే సార్, గండికోట పేరు వాళ్లే అందరికీ చెప్తారు” అన్నాడు. తన టెంటు రాత్రికి పదిహేను వందలట, పక్కవాడిది కూడా అంతే, ఇద్దరి బోర్డు మీదా దాదాపు ఒకే పేరు.

మర్నాడు పదకొండుకు ముందువైపు గది ఖాళీ చేసి, రాత్రి బస్సు దాకా ఉండడానికి సామాన్లు వెనక గదిలోకి మార్చాం. ఈసారి మా ఆవిడ అక్కడ మంచం మీద తన చీర పరుచుకుని నడుం వాల్చింది. ఫోనుకు సందేశం వచ్చింది, మీ బస ఎలా ఉంది, నక్షత్రాలు ఇవ్వండి అని. మూడు ఇద్దామని నేను. పెద్దాయన అప్పటికే చెప్పి ఉన్నాడు, నాలుగు వస్తే కంపెనీ నుంచి ఫోను చేసి సంజాయిషీ అడుగుతారని. మా ఆవిడ ఫోను లాక్కుని అయిదూ నొక్కింది. వచ్చే నెల తిరుపతిలో కూడా ఇదే పేరున్న హోటల్లో గది చూడమని అమ్మాయికి అప్పటికప్పుడే చెప్పింది. చెక్ ఇన్ ఎన్నింటికో ముందు కనుక్కోమన్నాను నేను.