అద్దాలకు అందని చోటు

లారీ నడపడం నేర్చుకునే శిక్షణలో ఇది 19వ రోజు. తెల్లవారుజామున 4 గంటలకు క్యాబిన్ వెనుక ఉన్న ఇరుకు పరుపు మీద నుంచి లేచి, టార్చి లైటు తీసుకుని బండి చుట్టూ తిరగడానికి దిగాను. మొదటి వారంలో ఈ ప్రదక్షిణ నాకు కేవలం మొక్కుబడిగా ఉండేది. దీపాలు వెలుగుతున్నాయా, గొట్టాలు తగిలించి ఉన్నాయా, టైర్లు గుండ్రంగా ఉన్నాయా అని పైపైన చూసి, కాలితో నాలుగు టైర్లు తన్ని, అంతా బాగుందని చెప్పేసేవాణ్ణి. ఈ రోజు కూడా అలాగే చెప్పాను. గురువుగారు మారుమాట్లాడకుండా గాలి గేజి నా చేతిలో పెట్టి, ట్రైలర్ రెండో ఇరుసు వైపు చూపించారు.

ఒకే ఇరుసు చివర జంటగా బిగించిన టైర్లలో బయటిది కనిపిస్తుంది, లోపలిది కనిపించదు. లోపలి దానిలో గాలి తగ్గితే దాని బరువును కూడా బయటిదే మోస్తుంది కాబట్టి బండి ఒరగదు, టైరు చతికిలపడదు, చూసేవాడికి అంతా సవ్యంగానే ఉంటుంది. కానీ గాలి తగ్గిన టైరు తిరిగే ప్రతిసారీ దాని గోడలు వంగి, విచ్చుకుని, లోలోపల వేడెక్కుతాయి. కొన్ని గంటల తర్వాత అది రోడ్డు మీద ముక్కలైతే ఆ ముక్కలు వెనుక వచ్చేవాళ్ల మీద పడతాయి. 120 ఉండాల్సిన చోట గేజి 70 చూపించింది. నేను తన్నినప్పుడు ఆ జంట చేసిన చప్పుడు మిగతా వాటి చప్పుడు లాగే ఉంది మరి. వాల్వు దగ్గర సన్నని లీకు తేలింది. అది బాగుచేయించుకుని బయలుదేరేసరికి 6:30 అయింది.

ఇంజన్ ఆన్ చేశాక కూడా వెంటనే కదలలేము. బ్రేకులను నడిపే గాలి ట్యాంకుల్లో నిండేదాకా డాష్‌బోర్డు మీది ముల్లును చూస్తూ కూర్చోవాలి. ఈ ఉద్యోగంలోకి రాకముందు, ఆగి ఉన్న లారీని గాలే పట్టి ఉంచుతుందని నేను అనుకునేవాణ్ణి. నిజానికి పార్కింగ్ బ్రేకును బిగించి ఉంచేవి బలమైన స్ప్రింగులు. గాలి చేసేది వాటిని అదిమిపట్టి చక్రాలను వదిలించడం. అందుకే గాలి పూర్తిగా పోయిన బండి పరుగెత్తదు, నిలబడిపోతుంది. రైళ్ల కోసం జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో గాలి బ్రేకుకు పేటెంటు తీసుకున్నా, గొట్టం తెగితే బ్రేకులు వాటంతట అవే పడే ఏర్పాటు ఆ తర్వాతే వచ్చిందని ఎక్కడో చదివాను. లోపం వచ్చినప్పుడు ఏ వైపు ఒరగాలో ముందే నిర్ణయించిపెట్టిన ఆ ఆలోచన నాకు ఎంతో నచ్చుతుంది, ఎందుకంటే నాకు లోపం వచ్చినప్పుడు నేను ఎటు ఒరుగుతానో ఇంకా తెలియదు.

ఉదయమంతా తిన్నని రోడ్డు. దాని గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 22 మీటర్లు వెళ్తామని, ముందున్న బండికి కనీసం 5 సెకన్ల ఎడం ఉంచాలని, ఆ ఎడంలోకి ఏదో ఒక కారు వచ్చి దూరితే కోపం తెచ్చుకోకుండా మళ్లీ ఎడం సంపాదించుకోవాలని గురువుగారు చెప్తారు. ఆయన పక్క సీట్లో కళ్లు మూసుకుని ఉంటారు, నిద్రపోతున్నారేమో అనుకుంటాను, కానీ నేను గేరు తప్పిన మరుక్షణమే ఆయనకు దగ్గు వస్తుంది.

మధ్యాహ్నానికి దిగుడు మొదలైంది. ఎక్కేటప్పుడు ఇంజన్‌కు కష్టం, దిగేటప్పుడు డ్రైవరుకు కష్టం. దిగుడు మొదలవకముందే తక్కువ గేరులోకి రావాలి. సగం దారిలో వేగం పెరిగాక గేరు మార్చబోయి అది న్యూట్రల్‌లో చిక్కుకుంటే, 40 టన్నుల బరువును ఆపే పని మొత్తం బ్రేకుల మీద పడుతుంది. బ్రేకును అదేపనిగా తొక్కి పట్టుకుంటే డ్రమ్ములు వేడికి వ్యాకోచించి, బ్రేకు షూలకు దూరం జరిగి, పెడల్ ఎంత నొక్కినా పట్టు దొరకని స్థితి వస్తుంది. కాబట్టి ఇంజన్ బ్రేకు మీద, అంటే ఇంజనే చక్రాల వేగాన్ని పట్టి ఆపేలా, బండిని నిలబెట్టుకుంటూ, వేగం హద్దు దాటబోయినప్పుడు మాత్రం గట్టిగా ఒకసారి తొక్కి, తగ్గగానే పూర్తిగా వదిలేయాలి. నాకు ఆ వదిలేయడమే రావడం లేదు, పాదం పెడల్‌ను వదలనంటుంది. మూడో మలుపు దగ్గర కాలిన వాసన వచ్చింది. గురువుగారు కిటికీ అద్దం కొంచెం దించి, "వాసన వచ్చిందంటే ఆలస్యమైనట్టే" అని మాత్రం అన్నారు. పక్కన చోటు దొరికిన దగ్గర ఆపి, చల్లారేదాకా కూర్చున్నాము.

సాయంత్రం గోదాము దగ్గర జరిగిన దాని కోసమే నిజానికి ఈ రాత్రి రాయడానికి కూర్చున్నాను. రెండు ట్రైలర్ల మధ్య ఖాళీలోకి బండిని వెనక్కి పెట్టాలి. వెనక్కి వెళ్లేటప్పుడు ట్రైలర్ ఎడమకు పోవాలంటే స్టీరింగు కుడికి తిప్పాలని తెలుసు. చెయ్యి చక్రం కింది భాగాన పెట్టుకుంటే, చెయ్యి ఎటు జరిగితే ట్రైలర్ వెనుక భాగం అటే పోతుందన్న కిటుకు కూడా గురువుగారు నేర్పారు. మొదటి రెండు మూరలు బాగానే వెళ్లింది. ఆ తర్వాత ట్రైలర్ వంకర తిరిగేసరికి ఒక వైపు అద్దంలో దాని గోడ తప్ప మరేమీ కనిపించలేదు, రెండో వైపు అద్దంలో ఆకాశం, దూరంగా ఒక గేటు. వెనుక చక్రాలు ఎక్కడున్నాయో చెప్పే అద్దమేదీ మిగలలేదు. పైగా నా కోసం ఇంకో రెండు లారీలు ఎదురుచూస్తున్నాయి, ఒకాయన హారన్ కూడా కొట్టారు. ఆ హారన్ విన్నాక ఏదో ఒకటి త్వరగా చేసేయాలనిపించింది. ఊహించి ఇంకో గజం వెనక్కి పోనిద్దామనుకున్నాను. గురువుగారు దగ్గలేదు, చూస్తూ ఊరుకున్నారు.

ఎందుకో పార్కింగ్ బ్రేకు లాగి దిగాను. ట్రైలర్ మూల, పక్కనున్న ఇనుప స్తంభానికి నా అరచెయ్యి పట్టేంత దూరంలో ఉంది. అద్దంలో ఆ స్తంభం లేదు, ఎంత వంగి చూసినా కనిపించేది కాదు. తిరిగి ఎక్కి, బండిని తిన్నగా ముందుకు లాగి, మళ్లీ మొదలుపెట్టాను. మొత్తం నాలుగుసార్లు దిగాను, సరుకు దించే డాక్‌కు చేరేసరికి 25 నిమిషాలు పట్టింది. హారన్ కొట్టినాయన మూడోసారి నన్ను చూసి, తన బండి దిగి వచ్చి, వెనుక నిలబడి చేత్తో సైగలు చేశారు. సిగ్గుగా ఉన్నా, ఆయన చెయ్యి ఉన్న వైపే చూసుకుంటూ పోనిచ్చాను.

"స్తంభం ఉందని మీకు తెలుసా?" అని తర్వాత గురువుగారిని అడిగాను. "తెలుసు. నువ్వు ఇంకో అంగుళం పోనిస్తే ఆపేవాణ్ణి" అన్నారు. ఆ ఒక్క అంగుళం దాకా ఆయన ఎలా ఊరుకోగలిగారో నాకు అర్థం కాదు. ఆయన చోట నేనుంటే దగ్గీ దగ్గీ గొంతు పోగొట్టుకునేవాణ్ణి.

సరుకు దించడానికి మూడు గంటలు పట్టింది. ఈ ఉద్యోగంలో నడపడం కన్నా కాచుకుని కూర్చోవడమే ఎక్కువని ఎవరూ ముందుగా చెప్పరు. ఆ తర్వాత పక్కనే ఉన్న ఖాళీ స్థలంలో రాత్రికి బండి పెట్టాము.

ఇప్పుడు 11 దాటింది. ఇది రాయడం ఆపి ఒకసారి కిందికి దిగి, రెండో ఇరుసు లోపలి టైరుకు గేజి పెట్టాను. చాలాసేపుగా బండి ఆగే ఉంది కాబట్టి టైరు చల్లబడే ఉంది, లెక్క నమ్మవచ్చు. తలుపు చప్పుడుకు గురువుగారు అటు తిరిగి పడుకునే, "ఎంతుంది?" అని అడిగారు. 118 అని చెప్పాను.