పార్కులో ఫొటో ప్యాకేజీ: ఏ కుటుంబం కొనాలి, ఎవరికి అక్కర్లేదు

టూరు నుంచి ఇంటికొచ్చాక ఫోన్లో ఫొటోలు తిరగేస్తే రెండొందలైనా ఉంటాయి. పిల్లలు ఉంటారు, తాతయ్య ఉంటారు, ఐస్‌క్రీమ్ కూడా నాలుగు కోణాల్లో ఉంటుంది. ఫోన్ పట్టుకున్న మనిషి మాత్రం ఒక్కదాంట్లోనూ ఉండరు. చాలా ఇళ్ళలో ఆ మనిషి అమ్మే. సెల్ఫీ తీస్తే ముందు నాన్న మొహం పెద్దదిగా, వెనక మామ్మ సగం చెంప. థీమ్ పార్కు వాళ్ళు అమ్మే ఫొటో ప్యాకేజీని ఈ లోటు దగ్గర నుంచే చూడాలి. మన ఫోన్ తీయలేనివి రెండే. ఒకటి, ఇంటిల్లిపాదీ తీరుగా నిలబడిన ఫొటో. రెండు, రైడ్ మీద కిందికి జారుతున్నప్పటి మొహాలు. మిగతావన్నీ మన దగ్గర ఉన్నవే. ప్యాకేజీలో ఎన్ని ఫొటోలిస్తారన్నది పక్కన పెట్టి, ఈ రెండు రకాలవి ఎన్ని వస్తాయో లెక్కేసుకుంటే కొనాలో వద్దో తేలిపోతుంది.

ఆ లెక్క ఇలా వేయాలి. ముందు ఒక్క ఫొటో విడిగా ఎంతో అడగండి. ప్యాకేజీ ధరను దానితో భాగించండి. ఉదాహరణకు విడిగా ఒకటి 250, ప్యాకేజీ 1500 అనుకుంటే, ఆరు ఫొటోల దగ్గర డబ్బులు సరిపోతాయి. ఇప్పుడు మీ పిల్లలు నిజంగా ఎక్కగలిగే రైడ్లలో కెమెరా ఉన్నవి ఎన్నో ఎవరైనా పార్కు ఉద్యోగిని అడగండి. రెండో మూడో అంటే విడిగా కొనుక్కోవడమే మేలు. ధర ఒక్కో మనిషికా, మొత్తం గ్రూపుకా అన్నది తప్పకుండా అడగాలి. ఇచ్చేది ప్రింటా, డిజిటల్ ఫైలా, రెండూనా అన్నది కూడా. ప్రింటు మాత్రమే ఇచ్చే చోట ప్యాకేజీ జోలికి పోకండి. ఆ ప్రింటుని తర్వాత ఫోన్‌తో ఫొటో తీసి అమెరికాలో ఉన్న అన్నయ్యకు పంపితే దాని మీద లైటు మెరుపులే కనిపిస్తాయి.

విజయవాడ నుంచి 65వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్తుంటే హైదరాబాదు ఇంకా రాకముందే రామోజీ ఫిల్మ్ సిటీ తగులుతుంది. అక్కడ రోజంతా చూసేది సెట్లు, తోటలు, ప్రదర్శనలు. ఫోన్ ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది, వెనక చూపించడానికి మంచి మంచి కట్టడాలుంటాయి. అలాంటి చోట పెద్ద ప్యాకేజీకి పని లేదు. అందరూ కలిసి ఉన్న ఒక మంచి ఫొటో నచ్చితే కొనుక్కోండి, అంతే. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డెక్కి, రావిర్యాల దగ్గర దిగి వండర్‌లాకు వెళ్తే కథ వేరు. అది 2016లో మొదలైంది. రికాయిల్ లాంటి తలకిందులు చేసే రోలర్ కోస్టర్లు, నీళ్ళ రైడ్లు ఉన్న చోటు. ఫోన్లు లాకర్లో పడి ఉంటాయి. ఇలాంటి పార్కుల్లో రైడ్ ఫొటోకు విలువ ఉంది, ఎందుకంటే దాన్ని ఇంకెవరూ తీయలేరు.

రైడ్ ఫొటో ఎలా పడుతుందో తెలిస్తే బాగా రావడం సగం మన చేతిలోనే ఉంటుంది. కెమెరాను పట్టా పక్కన ఒక స్తంభానికో కమ్మీకో కదలకుండా బిగిస్తారు. బండి దాని ముందుకు రాగానే పట్టా మీదున్న సెన్సార్ గుర్తించి కెమెరాను, ఫ్లాష్‌ను ఒకేసారి పనిచేయిస్తుంది. ఎక్కువ చోట్ల అది పెద్ద దిగుడు మొదలయ్యాకో, నీళ్ళలో పడే ముందో ఉంటుంది. మీకంటే ముందు వెళ్తున్న బండిని వరసలో నుంచే గమనించండి, ఫ్లాష్ ఎక్కడ మెరిసిందో చూసి పెట్టుకోండి. కెమెరా ఎదురుగా ఉంటుంది కాబట్టి ముందు వరసలో కూర్చున్నవాళ్ళే స్పష్టంగా పడతారు. మూడో వరసలో కూర్చుంటే ముందువాళ్ళు చేతులు పైకెత్తగానే మీ మొహాలు మాయం. పిల్లల్ని లోపలి సీట్లో, పెద్దల్ని అంచున కూర్చోబెడితే కుటుంబం ఒకే ఫ్రేములో వస్తుంది. ఇద్దరు ముందు బండిలో, ముగ్గురు వెనక బండిలో ఎక్కితే రెండు ఫొటోలు విడిగా కొనాల్సొస్తుంది. ఒక బండి ఆగి ఎక్కండి, గేటు దగ్గర ఉండే అబ్బాయికి చెబితే సర్దుతాడు.

పాడయ్యేవి ఎక్కువగా ఇవే: జుట్టు విరబోసుకుంటే గాలికి మొహం మీద పడుతుంది, జడ వేసుకోవాలి. భయపడిన పిల్లలు తల దించేస్తారు, భుజాల మీద బిగించే కమ్మీ వెనక తల దాగిపోతుంది. “ముందు ఒక లైటు మెరుస్తుంది, దాన్ని పట్టుకో చూద్దాం” అని ముందే చెబితే కళ్ళు పైకే ఉంటాయి. నీళ్ళ రైడ్లలో కెమెరా అద్దం మీద చుక్కలు పడతాయి, ఆ చుక్క సరిగ్గా ఒకరి మొహం మీద ఉంటే ఆ ఫొటో ఎవరికీ పనికిరాదు.

అందుకే కౌంటరు దగ్గర తొందరపడకూడదు. గోడ మీద స్క్రీన్లో బొమ్మ చిన్నది, అన్నీ బాగానే కనిపిస్తాయి. పెద్దది చేసి చూపించమని అడగండి. ఒక్కొక్కరి కళ్ళు చూసుకోండి. నచ్చకపోతే అదే రైడ్ మళ్ళీ ఎక్కడం చవక, టికెట్ డబ్బులు ఎలాగూ కట్టేశారు. స్క్రీన్ మీద ఫొటో కింద ఉండే నంబరు రాసుకోండి, ఫోన్ లాకర్లో ఉంటే నంబరు గుర్తుపెట్టుకునే పని పిల్లలకు అప్పజెప్పండి. వాళ్ళు మనకంటే బాగా గుర్తుపెట్టుకుంటారు. సాయంత్రం చూసుకుందాంలే అనుకుంటే రెండు ఇబ్బందులు. పార్కు మూసే వేళకు ఆ కౌంటర్ల దగ్గరే జనం గుమిగూడతారు. పైగా చాలా చోట్ల ఆ రోజు ఫొటోలు ఆ రాత్రికే తుడిచేస్తారు, మర్నాడు ఫోన్ చేసినా దొరకవు.

గేటు దగ్గర ఆకుపచ్చ తెర ముందు నిలబెట్టి, తర్వాత వెనక కోటనో పులినో అతికించే ఫొటోలూ ఉంటాయి. కంప్యూటరు ఆ ఆకుపచ్చ రంగును వెతికి చెరిపేసి, అక్కడ బొమ్మ పెడుతుంది. మన పాప ఆకుపచ్చ పరికిణీ వేసుకుంటే పరికిణీ కూడా చెరిగిపోయి, నడుము కింద కోట గోడ కనిపిస్తుంది. రేగిన జుట్టు అంచులు కత్తిరించినట్టు వస్తాయి. ప్యాకేజీలో ఊరికే వస్తే తీసుకోండి, దీని కోసం విడిగా డబ్బు పెట్టొద్దు.

ఇక అమెరికా ప్రయాణం. మన వైపు నుంచి పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మానాన్నలు బోలెడు మంది, వాళ్ళలో చాలామందిని ఒర్లాండోకో లాస్ ఏంజెలిస్ వైపో తీసుకెళ్తారు. డబ్బు పెట్టాల్సిన చోటు ఏదైనా ఉంటే ఇదే. అంత దూరం, మూడు తరాలు ఒకేచోట కలవడం మళ్ళీ ఎప్పటికో.

ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో ఆ ప్యాకేజీ పేరు మెమరీ మేకర్. 2024 నాటి ధర ముందుగా కొంటే 185 డాలర్లు, అక్కడికి వెళ్ళాక కొంటే 210 డాలర్లు. తక్కువదే దగ్గర దగ్గర 16 వేల రూపాయలు. ముందుగా కొనడం అంటే మొదటి ఫొటో తీయించుకునే రోజుకు కనీసం మూడు రోజుల ముందు. కొన్న మూడు రోజుల లోపు తీసిన ఫొటోలు ఆ తక్కువ ధర ప్యాకేజీలోకి రావు, చాలామంది పొరబడేది ఇక్కడే. ముందు రోజు రాత్రి హోటల్లో కూర్చుని తక్కువ ధర చూసి కొనేస్తారు, తీరా మొదటి రోజు ఫొటోలు తెరుచుకోవు. ఒక్క రోజు మాత్రమే పార్కుకు వెళ్ళేవాళ్ళకు ఆ రోజు ఫొటోల వరకు వేరే ప్యాకేజీ డిస్నీ యాప్‌లో దొరుకుతుంది, 2024లో దాని ధర 75 డాలర్లు. నాలుగైదు రోజులుండి, కోట ముందు, బొమ్మల పాత్రలతో, రైడ్ల మీద ఫొటోలు కావాలనుకునేవాళ్ళకు పెద్దదే గిట్టుతుంది. యాప్‌లో కుటుంబ సభ్యులుగా కలుపుకుని, ఫొటోలు పంచుకునే అనుమతి పెట్టుకున్నవాళ్ళందరికీ ఒక్క ప్యాకేజీ చాలు. అన్నయ్య కుటుంబం, చెల్లెలి కుటుంబం కలిసి వెళ్తే రెండు కొనొద్దు.

కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్‌కు వెళ్తుంటే ఇంకో సంగతి. అక్కడ వరసలు తప్పించుకోవడానికి లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ కొంటే ఆ రోజు ఫొటోల డౌన్‌లోడ్ దాంతోనే వస్తుంది. దాన్ని ఎలాగూ కొంటున్నవాళ్ళు ఫొటోల కోసం మళ్ళీ విడిగా కట్టక్కర్లేదు.

పిల్లల ఎత్తు కూడా ఈ లెక్కలోకి వస్తుంది. ఫ్లోరిడా డిస్నీ వరల్డ్‌లో 2024లో తెరిచిన టియానాస్ బయూ అడ్వెంచర్ నీళ్ళ రైడ్‌కు 40 అంగుళాలు, అంటే 102 సెంటీమీటర్లు ఉండాలి. అక్కడే ఉన్న ఎప్‌కాట్ పార్కులోని ఫ్రోజెన్ ఎవర్ ఆఫ్టర్ రైడ్‌కు ఎత్తు నిబంధన లేదు, రైడ్ ఫొటో ఉంది. మూడేళ్ళ మనవరాలు, మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మ ఉంటే ఇలాంటి రైడ్లు ఎన్నున్నాయో ముందే చూసుకోండి.

డబ్బు పెట్టకుండా పని జరిపించుకునే దారీ ఉంది. డిస్నీ పార్కుల్లో నిలబడి ఉండే ఫొటోగ్రాఫర్‌ను మర్యాదగా అడిగితే మన ఫోన్‌తో కూడా తీసిపెడతారు, దానికి రూపాయి తీసుకోరు. అమ్మమ్మ నుంచి మనవడి దాకా అందరూ ఉన్న ఫొటో ఒక్కటే కావాలనుకునే కుటుంబానికి ఇది చాలు. రైడ్ ఫొటోలు మాత్రం ఇలా రావు.

ప్యాకేజీ కొన్నాక ఫొటోలు పోగొట్టుకునేది కార్డు దగ్గరే. ఫొటోగ్రాఫర్ తీసిన ప్రతిసారీ మీ కార్డునో, చేతి బ్యాండునో, ఫోన్లోని క్యూఆర్ కోడ్‌నో స్కాన్ చేయాలి. కార్డు ఇస్తే మొదటి పని దాని వెనక ఉన్న నంబరును ఫోన్‌తో ఫొటో తీయడం. కాగితం కార్డు నీళ్ళ రైడ్లో తడిస్తే కోడ్ చదవదు. ఒక్కో ఫొటోగ్రాఫర్ కొత్త కార్డు ఇస్తుంటే అన్నిటి నంబర్లూ యాప్‌లో ఎక్కించాలి, లేదంటే మొదటి కార్డే చూపించి దానికే కలపమనాలి. రైడ్ దిగాక స్క్రీన్ మీద మీ ఫొటో నంబరును అక్కడికక్కడే యాప్‌లో కొట్టండి. మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు ఒకసారి, బయటికి వచ్చే ముందు ఒకసారి యాప్ తెరిచి చూడండి. ఏదైనా రాకపోతే ఏ చోటు, సుమారు ఏ టైము, ఎవరు ఏ రంగు బట్టల్లో ఉన్నారో చెబితే వెతికిపెట్టడం తేలిక. అందుకే ఆ ఫొటోగ్రాఫర్ దగ్గరే మీ ఫోన్‌తోనూ ఒక సెల్ఫీ తీసుకోండి, టైము దాంట్లో పడిపోతుంది.

వెలుగు గురించి ఒక్క మాట. మిట్టమధ్యాహ్నం ఎండలో కనుబొమల నీడ కళ్ళ మీద పడి, టోపీ ఉంటే మొహం సగం నల్లబడుతుంది. గ్రూపు ఫొటో గేటు తెరిచిన మొదటి గంటలోనో, సాయంత్రం నాలుగున్నర తర్వాతో తీయించుకోండి. నీళ్ళ రైడ్లకు వెళ్ళకముందే, ఒంటి మీద మంచి బట్టలుండగానే.

ఇంటికొచ్చాక ఆలస్యం చేయొద్దు. డిస్నీలో ఫొటో తీసిన 45 రోజులకు అది కనిపించకుండా పోతుంది. పార్కు ఏదైనా, డౌన్‌లోడ్ లింకుకు గడువు ఉంటుందనే అనుకోండి. అన్నీ కలిపిన జిప్ ఫైలు ఫోన్లో మధ్యలో ఆగిపోతుంది. వైఫై మీద కంప్యూటర్లో దించి, పెన్‌డ్రైవ్‌లోకి ఒక కాపీ వేసుకోండి. బంధువుల వాట్సాప్ గ్రూపులో మామూలుగా పెడితే బొమ్మ సైజు తగ్గిపోతుంది, అందులోంచి తిరిగి తీసుకుని ప్రింటు వేయించకండి. వాట్సాప్‌లోనే పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపితే అసలు ఫైలు వెళ్తుంది. ప్రింటుకు అంగుళానికి 300 చుక్కల లెక్కన 6×8 సైజుకు 1800×2400 పిక్సెళ్ళు, గోడకు పెట్టే 12×18 సైజుకు 3600×5400 పిక్సెళ్ళు కావాలి. ఫైలు అంతకు బాగా తక్కువుంటే పెద్ద సైజు మాట ఎత్తకండి.

పార్కులో అమ్మే ఫ్రేములు, మగ్గులు, కీచెయిన్లు మానేయండి. ఫైలు చేతిలో ఉంటే విజయవాడ గవర్నరుపేటలోనో, గుంటూరు బ్రాడీపేటలోనో ఫొటో ల్యాబులో చేయించుకోవచ్చు. ప్రింటు నాణ్యత తగ్గకుండా వస్తుంది, ఖర్చు తగ్గుతుంది. ఫ్రేము కట్టించేటప్పుడు ఫొటోకు, అద్దానికి మధ్య అట్ట అంచు పెట్టమని చెప్పండి. కృష్ణా తీరంలో వానాకాలపు చెమ్మకు ఫొటో అద్దానికి అతుక్కుంటే మళ్ళీ ఊడి రాదు, వచ్చినా రంగు అద్దానికే ఉండిపోతుంది. వెనక పేర్లు, తేదీ రాయాలంటే బాల్‌పెన్ వద్దు, ఆ నొక్కుడు ముందు వైపు గీతలుగా కనిపిస్తుంది. సీడీల మీద రాసే మార్కరుతో అంచున రాసి, పూర్తిగా ఆరాకే ఫ్రేములోకి ఎక్కించండి.