పులుసు కోసం పాత నెల్లూరుకి

సింహపురి ఎక్స్‌ప్రెస్ పడుగుపాడు దాటి పెన్న వంతెన ఎక్కేసరికి బాగా తెల్లారింది. మే మొదటి వారం కదా, నదిలో నీళ్లకంటే ఇసుకే ఎక్కువ కనిపించింది. ఇంటికి చేరి మొహం కడుక్కునే లోపే పిన్ని రెండు సంచులు పట్టుకుని వాకిట్లో నిలబడింది. "కాఫీ వచ్చినాక తాగుదువుగానీ. ఎనిమిది దాటితే మంచి చేప దొరకదు, పద."

నేను వచ్చింది కూడా అందుకే. హైదరాబాద్‌లో ఏ వీధిలో చూసినా 'నెల్లూరు చేపల పులుసు' బోర్డు ఉంటుంది. పదేళ్లుగా తింటున్నాను, పిన్ని చేతి రుచి ఎక్కడా తగల్లేదు. ఫోన్‌లో అడిగి ఆమె చెప్పిన కొలతలతోనే వండుకున్నా ఏదో తేడా. "సగం పులుసు మార్కెట్లోనే అయిపోద్ది నాయనా, ఒకసారి వచ్చి చూడు" అంది. వచ్చాను.

పాత ఊళ్లో పేటల పేర్లు వింటుంటేనే ఊరి చరిత్ర తెలుస్తుంది. మూలస్థానేశ్వరుడి గుడి ఉన్నది మూలాపేట. పెన్న ఒడ్డున రంగనాథస్వామి కొలువైంది రంగనాయకులపేట. సంతపేటకు పేరులోనే సంత ఉంది. బ్రిటిష్ కలెక్టరు పేరు మిగిలిపోయింది స్టోన్‌హౌస్‌పేటలో. అసలు ఊరి పేరుకే రెండు కథలు చెబుతారు. నెల్లి చెట్టు, అంటే ఉసిరి చెట్టు కింద శివలింగం వెలిసిందని ఒకటి. తమిళంలో నెల్ అంటే వడ్లు కాబట్టి ఇది వడ్ల ఊరని ఇంకొకటి. వడ్లు కొలిచే పుట్టి అంటే 850 కిలోలని లెక్క కట్టే ఊరికి రెండో కథే సరిగ్గా సరిపోయిందని నాకనిపిస్తుంది.

ఎండలోంచి మార్కెట్ కప్పు కిందికి వెళ్లగానే కాసేపు కళ్లకు ఏమీ ఆనలేదు. ముందు వాసన తెలిసింది. ఒక పక్క కొత్తిమీర, ఇంకో పక్క ఉప్పుచేప. తర్వాత నీళ్లు పారి నున్నబడిన నేల, ఏళ్ల తరబడి మనుషులు కూర్చుని అరిగిపోయిన అరుగులు కనిపించాయి. పిన్ని ఎవరినీ దారి అడగదు, ఎక్కడా ఆగదు. ఏ అరుగు మీద ఎవరుంటారో ఆమెకు తెలుసు, వాళ్లకు ఆమె తెలుసు.

సముద్రం చేపలమ్మే వైపు సగం అరుగులు ఖాళీ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మర పడవలు వేటకు పోకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమది. అందుకని వంజరం, చందువ ఐసులో ఒకటో రెండో ఉన్నాయి. పిన్ని వాటివైపు చూడనుకూడా లేదు. "ఇప్పుడు మనకు చెరువు చేపే" అంది.

కొరమీను తొట్టెలో ప్రాణంతో ఉంది. నీళ్లు జానెడు కూడా లేవు. ఇది మిగతా చేపల్లా కాదు, పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది, అందుకే అంత తక్కువ నీళ్లలోనూ బతికి ఉంటుంది. "పట్టుకో అబ్బయా" అంది చేపలామె. చెయ్యి పెట్టాను. జారిపోతూ తోకతో ఒక్కటిచ్చింది, చొక్కా అంతా నీళ్లే. పిన్ని మాత్రం పక్క బుట్టలో ఉన్న బొమ్మిడాయిల దగ్గర కూర్చుండిపోయింది. వేళ్లంత లావున, పాముల్లా సన్నగా, జిగురుజిగురుగా ఉన్నాయి. ఒక్కోదాన్ని ఎత్తి మొప్ప తెరిచి చూసింది. ఎర్రగా ఉంటే సంచిలోకి, వెలిసినట్టుంటే బుట్టలోకి. అరకిలో ఏరడానికి పావుగంట పట్టింది. చేపలామె ఒక్క మాట అనలేదు.

తర్వాత చూసిందే నేను హైదరాబాద్‌లో చేయనిది. చేపలామె తలలు, తోకలు కత్తిపీట మీద కోసి, పొట్ట తీసేసి, ముక్కల మీద గుప్పెడు పొయ్యి బూడిద, రాళ్లుప్పు చల్లి గరుకు రాయి మీద రుద్దడం మొదలుపెట్టింది. బూడిద జిగురును పీల్చుకుని నల్లటి ముద్దయింది. కడిగింది, మళ్లీ బూడిద వేసింది. మూడోసారికి చేప చర్మం చేతికి గరగరా తగిలింది. "ఈ జిగురు పోకుంటే పులుసు నీచు కొడద్ది" అంది. నేను ఇన్నాళ్లూ పసుపు నీళ్లలో ముంచి తీసేవాణ్ని.

చింతపండు కొట్లో పిన్ని రెండు రకాలు చిదిమి చూసింది. పాతదైతే పులుసు నల్లబడుతుందట. ఈ వేసవికి వచ్చిన కొత్త పండు తీసుకుంది. మామిడికాయ దగ్గర ఇంకా పట్టింపు. టెంక కట్టి ఉండాలి, కండ తెల్లగా ఉండాలి, పసుపు తిరిగితే తీపి వస్తుంది. కొట్టతను ఒక కాయ కోసి చెక్క ఇచ్చాడు. నాలుక మీద పెట్టగానే చెవుల దాకా లాగింది. అదే కావాలంది పిన్ని.

బియ్యం కొట్టు ముందు ఆగినప్పుడు ఆమె గొంతు మారింది. చిన్నప్పుడు వాళ్లింట్లో మొలగొలుకులనే పాతకాలపు రకం బియ్యమే తినేవాళ్లట. అది ఆరు నెలల పంట. తొందరగా కోతకొచ్చే వంగడాలు వచ్చాక రైతులు అటు మళ్లారు. మేం కొన్నది నెల్లూరు మసూరి. అదీ ఇక్కడి వ్యవసాయ పరిశోధనా స్థానం ఇచ్చినదే. మంచి బియ్యమే, కానీ మొలగొలుకుల గురించి పిన్ని చెబుతుంటే ఒక్క ముద్దైనా తినాలనిపించింది.

మధ్యాహ్నం మట్టి దాకలో వండింది. పులుసు మరిగాక చేపలు, ఆ తర్వాత టెంకతో సహా మామిడి ముక్కలు, దించేముందు వేయించి కొట్టిన మెంతులు, జీలకర్ర పొడి. చేపలు వేశాక గరిటె ముట్టనివ్వలేదు. గుడ్డతో దాక అంచులు పట్టుకుని గుండ్రంగా తిప్పింది. ఘుమఘుమకు నాకు ఆకలి ఆగలేదు. "ఈ పూట పప్పుతో తిను. ఇది రేపటికి" అని మూత పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే వేడన్నంలోకి ఆ చల్లటి పులుసు పోసింది. బొమ్మిడాయి ముక్క విరగలేదు, పులుపు లోపలి దాకా పట్టింది. నీచు వాసన అసలే లేదు. మామిడి టెంక చప్పరిస్తుంటే పిన్ని నా సంచిలో ఒక పొట్లం పెట్టింది. విప్పి చూస్తే కట్టెల పొయ్యి బూడిద.