పులమ్మ సెలవు

మా యమ్మ ఇమోలో, అంటే వీడియో కాల్‌లో, మాట్లాడేటప్పుడు ఫోను ఎప్పుడూ సరిగ్గా పట్టుకోదు. సగం ఆమె నుదురు కనిపిస్తుంది, సగం మా ఇంటి దూలాలు. 2024 నవంబరులో ఒక శుక్రవారం అట్లే మాట్లాడుతా మాటల మధ్యలో అనింది: "పులమ్మ నీళ్లు శానా తాగుతాండాది నాయనా. బర్రెల తొట్లో గూడా మూతి పెడతాండాది. కూడు మాత్రం ముట్టడం ల్యా."

అప్పుడు నేను కువైట్‌లో, రుమైతియాలో, మా కఫీల్, అంటే నన్ను పనికి పెట్టుకున్న యజమాని, ఇంటి వెనక నా గదిలో అన్నం తింటున్నాను. ఆ మాటతో ముద్ద దిగలేదు. నీళ్లు శానా తాగడం, కూడు ముట్టకపోవడం, ఈ రెండూ కలిస్తే పిల్లికి ఏమవుతుందో నాకు తెలుసు. రెండేళ్ల ముందు అదే మాట అరబ్బీలో విన్నాను.

పులమ్మ మా ఇంటికి వచ్చిందీ నేను ఇల్లు విడిచిందీ ఒకే రోజు. 2008 జూలై. మాది సిద్ధవటం, పెన్న ఒడ్డు. కడపలో రైలెక్కి మద్రాసు పోవాల, ఆడనుంచి కువైట్ విమానం. అప్పు చేసి కొన్న ఖాదిం వీసా, అంటే ఇంటి పనివాళ్లకిచ్చే 20 నంబరు అకామా, ఆ దేశంలో ఉండనిచ్చే అనుమతి. పెట్టె నెత్తినెత్తుకుని గడప దాటినానో లేదో, పిడికెడు పిల్లిపిల్ల ఒకటి అడ్డమొచ్చింది. మా మేనమామ "ఆగబ్బీ! లోపలికొచ్చి కూర్చోని, నీళ్లు తాగి పో" అన్నాడు. పెట్టె దించి అరుగు మీద కూర్చున్నాను. నేను నీళ్లు తాగేలోపల అది పాకుకుంటా వచ్చి పెట్టె మీదెక్కి కూర్చుంది. అందరూ మొహాలు చూసుకుంటుంటే మా నాయన అన్నాడు: "అడ్డం రాల్యా అది. సాగనంపను వచ్చింది." ఒళ్లంతా గోధుమరంగు చారలు. ఆ చారలు చూసి పులమ్మ అని పేరు పెట్టింది మా యమ్మ.

రెండేళ్లకొకసారి రెండు నెలల సెలవు. 2010, 2012, 2014, 2016, 2018, మళ్లా 2022, 2024. ఏడు సార్లు వచ్చినాను. దాని పదహారేళ్ల బతుకులో నేను దాని దగ్గర ఉన్నది పద్నాలుగు నెలలు. నా బిడ్డ దగ్గర ఉన్నది ఇంకా తక్కువ, అది పుట్టింది 2011లో. ఈ లెక్క మా వైపు కువైట్‌కు పోయిన ప్రతి మనిషీ వేసుకునేదే. పైకి ఎవరం చెప్పం.

మొదటి సెలవుకు వచ్చినప్పుడు పులమ్మ నన్ను చూసి మంచం కింద దూరింది. నా బట్టలనిండా ఊదు పొగ వాసన. రెండు దినాలు బయటికి రాలేదు. మూడో దినం పొద్దున లేచి చూస్తే ఖాళీ చేసిన నా పెట్టెలో ముడుచుకుని పడుకోనుంది. అప్పటినుంచి ప్రతి సెలవుకూ ఆ పెట్టె దానిదే. పోయే ముందు రాత్రి దాన్ని లేపి బట్టలు సర్దుకోవాల్సి వచ్చేది. నా బిడ్డ ఉయ్యాల కింద అదే పడుకునేది. వానాకాలం మిద్దె మీదికి తేళ్లు, జెర్రులు రాకుండా చూసిందీ అదే.

మా నాయన 2020 ఏప్రిల్‌లో పోయినాడు. మార్చి 13నే కువైట్ విమానాలు ఆపేసింది, తర్వాత మన దేశమూ ఆపేసింది. నేను గదిలో ఫోను పట్టుకుని మట్టి వేయడం చూసినాను. అందులో సిగ్నల్ ఆగి, బొమ్మ గడ్డకట్టి, మళ్లా కదిలేసరికి అంతా అయిపోయింది. తర్వాత మా యమ్మ చెప్పింది, పులమ్మ నాయన మంచం కింద నుంచి చాన్నాళ్లు కదల్లేదని.

ఇంక లూల్వా సంగతి చెప్పాల. కువైటోళ్లు పిల్లిని గత్వా అంటారు. లూల్వా అంటే ముత్యం. మా కఫీల్ తల్లిని ఇంట్లో అందరూ యుమ్మా అని పిలుస్తారు, నేనూ అట్లే పిలుస్తాను. ఆమె పెంచుకున్న తెల్ల షీరాజీ పిల్లి పేరు లూల్వా. బొచ్చు పొడుగు, కళ్లు రాగి రంగు. 2022లో దానికి కిడ్నీలు పోయినాయి. పశువుల డాక్టరు దగ్గరికి బండి నడిపింది నేనే కాబట్టి లోపలికి మోసుకుపోయిందీ నేనే. పిల్లుల్లో ముసలితనానికి వచ్చే జబ్బుల్లో ఇది శానా మామూలంట. మూడింట రెండు వంతులు దెబ్బతినేదాకా బయటికి తెలియనే తెలియదంట. నొప్పి దాచుకోవడం పిల్లి గుణం. తెలిసే మొదటి గుర్తు ఇదే: నీళ్లు ఎక్కువ తాగడం, ఉచ్చ ఎక్కువ పోయడం, చిక్కిపోవడం.

పోయిన కిడ్నీ తిరిగి రాదు. ఒంట్లో నీళ్లు తగ్గకుండా చూసుకుంటే కొన్నాళ్లు సుఖంగా బతుకుతుంది. దానికోసం రింగర్ లాక్టేట్ సీసా తెచ్చి, దినం మార్చి దినం తోలు కింద నూరు మిల్లీలీటర్లు ఎక్కించాల. యుమ్మా చేతులు వణుకుతాయి. ఇంట్లో పనిచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయికి సూది అంటే భయం. డాక్టరు నన్ను చూసి "నువ్వు నేర్చుకో" అన్నాడు. నేర్చుకున్నాను. సీసాను గోరువెచ్చని నీళ్లలో పెట్టి ఒంటి వేడికి తేవాల. రెండు భుజాల మధ్య తోలు గుడారం మాదిరి పైకెత్తి, ఆ సందులో సూది పెట్టాల. వదులైన తోలు కాబట్టి నీళ్లు మూపు మీద మూట మాదిరి నిలబడి, మెల్లగా ఒంట్లోకి ఇంకుతాయి. పద్నాలుగు నెలలు చేసినాను. ఆ ఇంట్లో అన్నేళ్లలో యుమ్మా నన్ను కొడుకా అని పిలిచింది ఆ పద్నాలుగు నెలల్లోనే. లూల్వా ఒక రాత్రి ఆమె నమాజు చాప మీదే పోయింది.

అందుకే మా యమ్మ మాట విన్న రోజే సెలవు అడిగినాను. డిసెంబరు 5న ఇల్లు చేరినాను.

పులమ్మ మంచం కింద దూరలేదు. లేచి రాను కూడా లేదు. గడప బండ మీద ఎండకు పడుకుని తల మాత్రం తిప్పింది. ఎత్తుకుంటే చేతిలో ఎముకలే. నోట్లో ఉచ్చ వాసన. మరుసటి రోజే తట్టలో గోనెసంచి పరిచి, పైన గుడ్డ కట్టి, కడపకు ఎత్తుకుపోయినాను. బస్సులో పక్కనోళ్లు కోడి అనుకున్నారు. నెత్తురు పరీక్షలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు ఎంత చెడినాయో చెప్పే లెక్క, 6.1 వచ్చింది. ఐదు దాటితే నాలుగో దశ, అదే ఆఖరిది. ఆ డాక్టరు చిన్నోడు, ఓపికమంతుడు. పదహారేళ్ల పిల్లి అంటే మనిషికి ఎనభై ఏళ్లతో సమానమని చెప్పి, "ఇన్నేళ్లు ఎట్లా సాకినారన్నా?" అని అడిగినాడు. సాకింది నేను కాదని చెప్పినాను.

ఒక మాట ఇక్కడే చెప్పాల. అది వణుకుతుంటే జ్వరమనుకుని, పక్కింటి పెద్దమ్మ పారాసిటమాల్ సగం బిళ్ల పాలల్లో కలిపి పెట్టబోయింది. నేను చూడబట్టి సరిపోయింది. మనకు మందయినది పిల్లికి విషం. దాన్ని అరిగించుకునే శక్తి పిల్లి ఒంట్లో ఉండదు, నెత్తురు చెడి పోతుంది. ఇంట్లో పిల్లి ఉండే ప్రతి ఒక్కరూ ఇది తెలుసుకోవాల.

ఆ రెండు నెలలు దినాం పొద్దున మా ఇంట్లో ఒకటే పని. మా ఇంటామె పొయ్యి మీద నీళ్లు కాచేది, సీసా అందులో వేసేవాళ్లం. దూలానికి కొక్కెం ఉంది, నా బిడ్డ ఉయ్యాల కట్టిందే. సీసా దానికే తగిలించినాను. నా బిడ్డకు పదమూడేళ్లు. పులమ్మను ఒళ్లో పెట్టుకుని గడ్డం కింద నిమురుతా కూర్చునేది. నేను తోలు ఎత్తి సూది పెట్టేవాణ్ణి. అరబ్బోళ్ల ఇంట్లో జీతానికి నేర్చుకున్న పని మా ఇంట్లో చేస్తుంటే మా యమ్మ రెప్ప వేయకుండా చూసేది. పదహారేళ్లలో నేను ఆడ ఏం పని చేస్తానో ఆమె చూసింది అదొక్కటే.

మూడో వారానికి కొంచెం తేరుకుంది. సంక్రాంతికి చేప ముక్కలు నాలుగు తినింది. పెట్టెలో ఎక్కి పడుకుంది. నాకు ఆశ పుట్టింది, అబద్ధమెందుకు.

జనవరి ఆఖరికి మళ్లా ముద్ద మానేసింది. నోట్లో పుండ్లు. కాళ్లు చల్లగా. కట్టెల కొట్టం వెనక, ఎప్పుడూ పోని చోటికి పోయి దాక్కునేది. నా టికెట్టు ఫిబ్రవరి 2కు. నేను పోతే సూది ఎవరు పెట్టాల? మా ఇంటామె రెండు సార్లు చేసి చూసింది. సూది తోలు రెండు పక్కలా దిగి నీళ్లన్నీ బొచ్చు మీద కారినాయి. రెండోసారి నెత్తురు వచ్చింది. "నా చేత కాదు" అని ఏడ్చింది. ఆమెను ఏమనాల?

డాక్టరు మెల్లగా చెప్పినాడు. నొప్పి లేకుండా నిద్రపుచ్చే దారి ఉందని. మా యమ్మ ఆ మాట చెవిన పడనీలేదు. "పిల్లిని సంపితే బంగారు పిల్లిని సేయించి కాశీలో దానమియ్యల్ల. అంత పాపం. మనింట్లో ఆ మాట తేవద్దు."

కఫీల్‌కు ఫోన్ చేసినాను. యుమ్మా పక్కనే ఉన్నట్టుంది, వారం ఎక్కువ ఇచ్చినారు. టికెట్టు మార్చడానికి డబ్బు పోయింది, పోనీ. కానీ ఆ వారమంతా నా తలలో ఒకటే మాట. ఇది పులమ్మ కోసం ఆలోచిస్తున్నానా, టికెట్టు తేదీ కోసమా? నేను ఊర్లోనే ఉండే మనిషినైతే దాన్ని దాని కాలానికి పోనిచ్చేవాణ్ణి కదా? ఎన్ని రాత్రులు అడుగుకున్నా జవాబు రాలేదు, ఇప్పటికీ లేదు. అది గురగుర అనేది, నా చేయి తగిలితే. బాగుంది కాబోలు అనుకుని డాక్టరును అడిగితే, పిల్లులు నొప్పికి కూడా అట్లా అంటాయని చెప్పినాడు.

ఫిబ్రవరి 6 రాత్రి అది అరిచింది. పదహారేళ్లలో వినని అరుపు. తెల్లవారుజామున మా యమ్మ నా మంచం దగ్గరికి వచ్చి కూర్చుంది.

"నువ్వు పోయినంక ఇది ఇట్లా అరిస్తే నేను యినలేను నాయనా. మీ నాయనప్పుడు నువ్వు లేవు, ఒక్కదాన్నే యిన్యా. నువ్వుండంగనే కానీ. పాపం నేను మోస్తా."

డాక్టరు మధ్యాహ్నం బండి మీద వచ్చినాడు. బాడుగ కూడా అడగలేదు. పులమ్మను ఎక్కడ పడుకోబెట్టాలని అడిగితే నా బిడ్డ పోయి పెట్టె తెచ్చింది. మూత తీసి నా పాత లుంగీ పరిచింది. ముందు కండకు ఒక సూది, మత్తుకు. ఐదు నిమిషాల్లో తల వాల్చింది. కళ్లు మూయలేదు, పిల్లులు మత్తులో కళ్లు మూయవంట. తర్వాత ముందుకాలి బొచ్చు కొంచెం గీసి, నరానికి రెండో సూది. నేను రొమ్ము మీద చేయి పెట్టుకునే ఉన్నాను. గుండె వేగంగా కొట్టుకుని, తడబడి, నా చేతి కింద ఆగింది. మా యమ్మ తలకు చెయ్యి ఆనించి "పోయిరా తల్లీ, సాగనంపినావు గదా ఇన్నిసార్లు" అనింది. నాకు నోట మాట రాలేదు.

కరివేపాకు చెట్టు కింద మోకాలు లోతు గుంట తవ్వినాను. మా నాయనకు వేయలేని మట్టి కూడా కలిపి వేసినట్టు అనిపించింది. లుంగీతో సహా పెట్టినాను. పెట్టె కడిగి ఎండకు వేసినాను. రెండు దినాలకు అందులోనే బట్టలు సర్దుకున్నాను. లేపాల్సిన పని లేకుండా సర్దుకోవడం అదే మొదలు.

ఏప్రిల్ జీతం నుంచి కొంచెం ఎక్కువ పంపమని అడిగింది మా యమ్మ. ఎందుకని నేను అడగలేదు. మా మేనమామను వెంటబెట్టుకుని ప్రొద్దుటూరు పోయింది. ఆ ఊర్లో బంగారు పని చేసేవాళ్లకు కొదవ లేదు. గ్రాము బంగారంతో పిల్లిని చేయించింది. కాశీకి పోయే శక్తి ఆమెకు లేదు. గుడి అయ్యవారు, "మన సిద్ధవటాన్ని దక్షిణ కాశీ అంటారమ్మా, పెన్నలో విడువు, సరిపోతుంది" అన్నాడంట. దానికి పదిహేను దినాలు గడువు చెప్పినాడంట. పదిహేను దినాలు అయిపోయినాయి. నెలలు కూడా అయిపోయినాయి.

పోయిన శుక్రవారం అడిగినాను, విడిచినావామ్మా అని.

"యాడ నాయనా, ఏట్లో నీళ్లే సరిగ్గా ల్యావు. నువ్వు వచ్చే సెలవుకు వస్తావు గదా. అప్పుడు ఇద్దరం పోదాం" అనింది. దేవుని గూట్లో పసుపు డబ్బాలో పెట్టిందంట. తీసి చూపిస్తానని లేచింది. ఫోను ఎప్పటి మాదిరే వంకరగా పట్టుకుంది. ఆమె బొటనవేలు కనిపించింది, దూలం కనిపించింది, సీసా తగిలించిన కొక్కెం కనిపించింది. అంచున రెండు చిన్న బంగారు చెవులు మెరిసినాయి.

"ఇంగ కొంచెం కిందికి దించుమా" అన్నాను.